పట్టాల మీద ఇసుక

కోబర్గ్ లైబ్రరీ వెనకగది. మంగళవారం, రాత్రి ఏడు.
హీటరు ఒకవైపే పనిచేస్తుంది కనుక
తొమ్మిదిమందీ ఆ గోడకే జరిగి కూర్చున్నారు.
పోయినవారం సుఖాల్ని తూకం వేశాం.
ఎక్కువమందికి ఎక్కువ మేలు, అదే మంచి, అన్నాను.
మాంసం కొట్టు అమ్మేసి ఇంట్లో కూర్చున్న కెన్
"త్రాసు ఎవరిదో ముందు చెప్పు తల్లీ,
నా బొటనవేలు ముప్పైయేళ్ళు దాని మీదే ఉంది" అన్నాడు.
అందరూ నవ్వారు. నేను నోట్సులో రాసుకున్నాను.

ఈ వారం కర్తవ్యం.
ఫలితం ఏమైనా కానీ, చేయవలసింది చేయవలసిందే.
బోర్డు మీద ఇంగ్లీషులో రాసి
లోపల తెలుగులో తడుముకున్నాను, ఎప్పటిలాగే.
వాళ్ళకి దానికో విడిమాట ఉంది,
క్రియకు ముందు టోపీ పెట్టుకున్న పోలీసులా నిలబడుతుంది.
మనకది చిన్న తోక.
తినాలి. పడుకోవాలి. కరెంటు బిల్లు కట్టాలి.
నిజం చెప్పాలి.
ఆకలికీ ధర్మానికీ ఒకటే తోక అతికించినవాళ్ళు
బద్ధకస్తులో, మహా తెలివైనవాళ్ళో
పీహెచ్‌డీ చేసినా నాకు తేలలేదు.

తర్వాత, ఈ ఊళ్ళో చెప్పక తప్పని పాత చిక్కుప్రశ్న.
అదుపు తప్పిన ట్రాము. ఎదురుగా పట్టాల మీద ఐదుగురు.
పక్క పట్టాల మీద ఒక్కరు.
మీ చేతిలో మీట.
చేతులెత్తమన్నాను. ఆరు లేచాయి. రెండు లేవలేదు.
ఒకటి సగంలో ఆగిపోయింది.
వెస్నా. యాభై ఎనిమిదేళ్ళు.
కోటు కింద ట్రాము కంపెనీ చొక్కా.

"మీట ఉండదు" అంది.
"ఇరవై రెండేళ్ళుగా నడుపుతున్నాను. నా దగ్గరుండేవి
ఒక బ్రేకు, ఒక గంట, ఒక ఇసుకపెట్టె."
ఇసుకా?
"చక్రం జారకుండా పట్టాల మీద పోస్తుంది.
దాని సంగతి ఎవరూ అడగరు."

జూలై వాన, సిడ్నీ రోడ్డు.
చెవుల్లో పాట పెట్టుకున్న కుర్రాడు అడుగేశాడట.
గంటా బ్రేకూ ఇసుకా మూడూ ఒక్కసారే.
వాడి మోకాలికి జానెడు దూరంలో ఆగింది బండి.
పాట తీయకుండానే వాడు దాటిపోయాడు.
లోపల, తలుపు దగ్గర నిలబడ్డ ముసలామె పడి
మణికట్టు విరిగింది.
"ఆ ఒక్క మనిషి పక్క పట్టాల మీద లేదు, నా వెనకే ఉంది.
లెక్క కట్టానా? లేదు. నియమం గుర్తొచ్చిందా? లేదు.
నా కాలు తొక్కింది. నేను తర్వాత వచ్చాను."

నాకు జవాబు తెలుసు. ఎనిమిదో వారం పాఠం అది.
గుణం అంటే అలవాటు,
చేసి చేసి ఒంటికి పట్టిన మంచి.
స్లైడు కూడా సిద్ధంగా ఉంది. తెరవబోయాను.
అప్పుడు లూపే, రాత్రి డ్యూటీకి వెళ్ళాల్సిన నర్సు,
మెల్లగా అడిగింది:
"ఆవిణ్ణి చూడ్డానికి వెళ్ళావా?"

కాసేపు హీటరొక్కటే మాట్లాడింది.

"మూడుసార్లు. వార్డు తలుపు దాకా" అంది వెస్నా.
"కంపెనీ లాయరు వెళ్ళొద్దన్నాడు. మంచి సాకు దొరికింది.
నా కాలికున్న బుద్ధి
మిగతా నాకు లేదు."
కెన్ తన బొటనవేలి వైపు చూసుకున్నాడు.
నేను లాప్‌టాప్ మూసేశాను.

తొమ్మిదింటి ట్రాము. నడిపేది ఎవరో గడ్డం కుర్రాడు.
వాన ఇంకా పడుతోంది.
స్టాపు దగ్గర ఆగుతుంటే చక్రాల కింద కరకరమంది.
ఇన్నేళ్ళూ అది తుప్పనుకున్నాను.
రెండు చేతుల్లో సంచులతో ఒక పెద్దాయన ఎక్కాడు.
లేచాను, కూర్చోమన్నాను.
రెండు స్టాపులేగా, వద్దన్నాడు.
మళ్ళీ కూర్చోవడానికి నాకు మొహం చెల్లలేదు.
ఒకే కమ్మీ పట్టుకుని ఇద్దరం నిలబడ్డాం,
మధ్యలో ఖాళీ సీటు,
ఇంకా వెచ్చగానే ఉండి ఉంటుంది.